కొన ఊరికి మెయిలు

ఆ ఆశ్వయుజంలో శరణమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. తెల్లారక ముందే లేచి, పొయ్యి మీద నీళ్లు పెట్టి, పెరట్లోకి పోయి రుబ్బురోలు ఎక్కి నిలబడేది. కెంచనగుడ్డలో ఆ ఇంటికి ఫోను సిగ్నలు నిలిచేది అక్కడొక్కచోటే. నది మీది నుంచి వచ్చే మంచు గోడ దాటి పెరట్లోకి దిగుతూ ఉండేది. ఆ తెల్లదనంలో ఫోను తెర ఇంకొంచెం తెల్లగా వెలిగేది. మధ్యన ఒక చిన్న బొమ్మ. గాలిపటం ఎగరేస్తున్న మనిషి. కింద, కొత్త మెయిళ్లు ఏమీ లేవని ఒక వాక్యం.

ఆ మనిషిని ఆమె రోజూ చూసేది. గాలిపటం ఎటు పోతోందో చూడడు, ఎవరు పిలిచినా తిరగడు. పని లేని లోకంలో ఎవరో ఒకరు హాయిగా ఉన్నారులే అనుకుని కిందికి దిగేది.

"పొద్దున్నే రోలెక్కి యే దేవునికి మొక్కుతాండావే?" అంది ఒకరోజు అత్త సుంకలమ్మ, పళ్లపొడి చేతిలో పట్టుకుని.

"కంపెనీ మెయిలొచ్చిందేమోనని చూస్తాండా అత్తా."

"వచ్చేదుంటే వాకిలి తట్టదా?"

"అది తట్టదత్తా. మనమే పోయి తట్టాల."

"బలే చుట్టమే! పిలిచి, ఎదురుపోయి, మళ్లా వాకిలి గూడా మనమే తట్టాలంట," అని సుంకలమ్మ నోట్లో వేలు పెట్టుకుంది.

ఆ కంపెనీ తెక్కలకోటలో ఉంది. సిరితుంగ సీడ్స్. చుట్టుపక్కల ఊళ్లలో రైతుల చేత హైబ్రిడ్ వరి విత్తనం పండించి హైదరాబాదులో ఒక పెద్ద సంస్థకు అమ్ముతుంది. పన్నెండు మంది ఫీల్డు మనుషులున్నారు. కెంచనగుడ్డ కాలువ కింద ముగ్గురు. తెక్కలకోట దగ్గర హనుమేశ్, నడుమ సిద్దేశ్, కొసాన శరణమ్మ భర్త గాళెప్ప. ఈ ఏడే మొదటిసారి గాళెప్ప తన ఊళ్లో అయిదుగురు రైతులను ఒప్పించి తొమ్మిదెకరాల్లో విత్తనం వేయించాడు. తన ఎకరా కలిపి పది. ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది. హులిగెప్ప అనే పెద్ద రైతు ఆఖరికి తలూపుతూ, "సరే గాళెప్పా, నీ మొగం చూసి వేస్తాండా. కంపెనీ మొగం నాకు తెలీదు," అన్నాడు. ఆ మాట గాళెప్ప ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి సంబరంగా, రెండోసారి భయంగా.

విత్తనంగా పాసైతే ఆ పంట విత్తనం. కాకపోతే మిల్లుకు పోయే మామూలు వడ్లు, అవి కూడా సగం దిగుబడితో. పాసో కాదో తేల్చేది పూత సమయంలో వచ్చే తనిఖీ. ఆ తనిఖీ సంగతులన్నీ ఇకమీదట మెయిల్లోనే నడవాలని హైదరాబాదు వాళ్లు ఈ ఏడు షరతు పెట్టారు. ఫోన్లో చెప్పిన మాట చెల్లదు. మెయిలుకు మెయిల్లోనే జవాబు రావాలి. రాని పొలం తనిఖీ పట్టీలోంచి పోతుంది.

ఆ ఏర్పాటు చేసిన రోజు శరణమ్మ కూడా తెక్కలకోట ఆఫీసులో ఉంది. గాళెప్పది బటన్ల ఫోను. అందులో మెయిలు రాదని, టచ్ ఫోను ఇంటామె దగ్గర ఉందని, ఆమెను బస్సెక్కించుకుని తీసుకుపోయాడు. సిరుగుప్పలో డిగ్రీ చదివింది గనక ఇంగ్లీషు కూడా ఆమే చదవగలదు. కంప్యూటరు చూసుకునే అమ్మాయి రక్షిత, బళ్లారి కంటోన్మెంట్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఆమె ఫోను అందుకుని ఏవేవో నొక్కుతుంటే, యజమాని మోహన్‌కృష్ణ వెనక నిలబడి కాఫీ తాగుతున్నాడు. అతని తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి కాలువ భూములకు వచ్చి స్థిరపడిన కుటుంబం. మాటలో ఆ యాస ఇంకా పోలేదు.

"చూడమ్మా రక్షితా, పన్నెండు మందికి పన్నెండు మెయిలు పెట్టెలు ఎందుకండీ? నెలనెలా తలకింత అని కట్టాలి. ముగ్గురికొకటి చొప్పున నాలుగు తీసుకో. ఒకింట్లో ముగ్గురు అన్నదమ్ములుంటే మూడు వాకిళ్లు పెట్టుకుంటామా?"

"సార్, ఈ చవక ప్లానులో పెట్టె చిన్నదుంటాది. ఫోటోలు పెడితే బేగ నిండిపోతాది."

"నిండకుండా చెయ్యి మరి. అందుకేగా నువ్వున్నది."

రక్షిత కాసేపు గోళ్లు కొరుక్కుని, నిండకుండా ఒక ఏర్పాటు చేసింది. ఫోను మెయిలును దించుకోగానే ఆఫీసు పెట్టెలోంచి అది చెరిగిపోతుంది. ముగ్గురి ఫోన్లలోనూ ఒకే పెట్టె, ఒకే తాళం. మోహన్‌కృష్ణ మెచ్చుకున్నాడు. రక్షిత కూడా తన తెలివికి లోలోపల మురిసింది.

ఆ సాయంత్రమే బస్సులో మొదటి మెయిలు వచ్చింది. 'డియర్ టీమ్' అని మొదలైంది. అది తన భర్తకు రాసిందని శరణమ్మకు తెలుసు. అయినా తెరిచింది తన వేలు, చదివింది తన కళ్లు. కిటికీ బయట చెరుకుతోటలు, నీళ్లు నిండిన మళ్లు, మళ్లలో తలకిందులుగా నడుస్తున్న కొంగలు వెనక్కి పోతున్నాయి. పెళ్లయి పన్నెండేళ్లలో ఏ కాగితమూ ఆమె పేరున ఆ ఇంటికి రాలేదు. రేషన్ కార్డు మీద కూడా పేరు తప్పుగా ఉంది. ఈ ఉత్తరం తన పేరున రాకపోయినా తన చేతిలోకి వచ్చింది. ఆ నాలుగు వాక్యాల స్వాగతాన్ని ఆమె ఊరొచ్చేలోపు మూడుసార్లు చదివింది. కామా ఒకచోట తప్పు పడిందని కూడా గమనించింది.

తరవాత ఇంకేమీ రాలేదు.

ఒక వారం పోయింది. రెండో వారం పోయింది. పగలు వంట, పొలానికి బువ్వ, కూతురు చిన్ను బడి, సాయంత్రం మళ్లీ వంట. ఇంట్లో ఫోను చచ్చినట్టుండేది కాబట్టి తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు మాత్రమే రోలెక్కేది. మధ్యాహ్నం గిన్నెలు తోముతూ, అవి ఎక్కడున్నాయో అని తలపోసేది. తెక్కలకోటలో బయలుదేరిన మెయిళ్లు కాలువ వెంట తేలివస్తూ, ఏ తూము దగ్గరో ఆకుల్లో చిక్కుకుని, నీళ్లలో మెల్లగా గిరగిరా తిరుగుతున్నట్టు అనిపించేది. ఒకనాడు మధ్యాహ్నం కునుకులో ఆమె వంగి ఒకదాన్ని తీసింది. తడిసి, అక్షరాలన్నీ చేపపిల్లల్లా జారిపోయాయి. లేచి చూస్తే చెయ్యి నిజంగానే తడిగా ఉంది. కునుకు పట్టిన చోట తొట్టి ఉంది.

"ఏమీ రాలేదప్పా, పదైదు దినాలాయ," అంది గాళెప్పతో.

"రాలేదంటే పని లేదని. మంచిదే గదమ్మే."

"రాసేవాళ్లు ఊరికే ఉండరు. ఆ రక్షితమ్మ చేతులు చూసినావా, ఒగ నిమిషం ఊరికే పెట్టదు."

గాళెప్ప నవ్వి పొలానికి పోయాడు. అప్పటికి పూత మొదలైంది. రోజూ తొమ్మిదిన్నర దాటాక, మంచు విడిచి పూలు తెరుచుకునే వేళకు, ఇద్దరు మనుషులు మడికి ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు నిలబడి పొడుగాటి తాడు పట్టుకుని పైరు మీదుగా లాక్కుంటూ పోతారు. మగ వరుసల్లోంచి పుప్పొడి లేస్తుంది. సాంబ్రాణి పొగలా కాసేపు గాలిలో నిలబడి ఆడ వరుసల మీదికి వాలుతుంది. బువ్వ తీసుకుపోయినప్పుడల్లా శరణమ్మ గట్టు మీద ఆగి అది చూసేది. ఎవరు ఎవరికి పంపారో పేరు లేదు, చిరునామా లేదు. అయినా చేరవలసిన చోటికి చేరుతోంది.

బుధవారం ఒంటిగంటకు ఆమె కాలువ గట్టు మీద ఉండగా ఫోను మోగింది. గట్టు మీద సిగ్నలు బాగుంటుంది. ఫోన్లో రక్షిత.

"శరణక్కా, ఏందక్కా ఇట్ల చేస్తాండారు? మూడు మెయిళ్లు పంపినా, ఒగదానికీ జవాబు లేదు."

"మూడా? నాకు ఒగటీ రాలేదే!"

"పంపినట్టు ఈడ గురుతుండాదక్కా. శుక్రవారం తనిఖీ. ఆలోపు బెరకు మొక్కలు, వేరే రకానివి, రెండోసారి ఏరి, ఫోటోలు తీసి, ఏ రైతు పొలం ఎన్నెకరాలు సిద్ధమో రాయాల. ఈ పొద్దు అయిదు గంటలకు సార్ పట్టీ హైదరాబాదుకు పంపుతాడు. జవాబు లేని పొలాలు ఉండవు."

శరణమ్మ బువ్వగంప గట్టు మీద దించింది. ఇంకొకరైతే ఏడ్చేవాళ్లు, లేదా రక్షితను తిట్టేవాళ్లు. శరణమ్మకు పప్పు మాడితే కూడా ముందు పొయ్యి చూడటం అలవాటు.

"రక్షితా, ఇప్పుడొగటి పంపు. ఫోను చేతిలోనే పట్టుకుంటా."

పంపింది. ఇలా తెరిచిందో లేదో, వచ్చింది. 'టెస్ట్' అని ఒకే మాట.

"వచ్చింది. ఇప్పుడు ఇంకొగటి పంపు. నేను పది నిమిషాలు తాకను."

పది నిమిషాలు ఆమె కాలువను చూస్తూ కూర్చుంది. నీళ్లు పలచగా, మట్టిరంగులో, ఎవరికో పోతున్నట్టుగా పోతున్నాయి. పైన ఏ రైతో తూము ఎత్తినట్టున్నాడు. ఆమె చూస్తుండగానే కాలువ గోడ మీద తడిగీతను వదిలి నీటి మట్టం కిందికి దిగింది. తెరిచి చూసింది. గాలిపటం మనిషి తప్ప ఎవరూ లేరు.

హనుమేశ్‌కు ఫోన్ చేసింది.

"హనుమేశప్పా, ఇప్పుడేమన్నా ఫోను తెరిచినావా?"

"ఆ వదినా, ఇప్పుడే. టెస్టో గిస్టో ఏందో వచ్చుండాది."

"ముందర వచ్చినవి?"

"అన్నీ ఉండాయి వదినా. నావి, సిద్దేశువి, గాళెప్పన్నవి. ఏం, మీకు రాలేదా? గ్రూపు మాదిరి అందరికీ వస్తాయనుకున్నానే!"

"మావి తెరిచి చదివినావా?"

"అయ్యో, లేదు వదినా! పైన పేరుంటాది గదా. ఒకరి కాగితం ఇంకొకరు చదివేది మర్యాదా?" అన్నాడు నొచ్చుకుని.

ఆ మర్యాదే కొంప ముంచిందని శరణమ్మ అనలేదు. సంగతి ఆమెకు కళ్ల ముందున్న కాలువలోనే కనిపించింది. ఎవరు ముందు తెరిస్తే వాళ్ల మడిలోకే అంతా పోతుంది, వెనక చుక్క మిగలదు. ఆఫీసు పక్కనే ఉండి, గంటకొకసారి ఫోను చూసుకునే హనుమేశ్‌ది మొదటి తూము. పొద్దున, సాయంత్రం రోలెక్కే తనది కొన మడి.

"హనుమేశప్పా, మావి మూడూ ఇప్పుడే నా సొంత మెయిలుకు తోలు. సిద్దేశువి సిద్దేశుకు తోలు. అయిదు గంటల దాకా మళ్లా ఫోను తెరవద్దు. నీ పిల్లల మీద ఒట్టు."

"పిల్లలెందుకులే వదినా, తెరవను," అన్నాడు హనుమేశ్ బెదిరిపోయి.

మెయిళ్లు వచ్చాయి. గట్టు మీద నిలబడే చదివి, పొలంలోకి దిగి గాళెప్పకు చెప్పింది. అతను తువ్వాలు నెత్తి మీంచి తీసి, మళ్లీ చుట్టుకుని, ఇంకోసారి తీశాడు.

"పదెకరాలు! మూడున్నర గంటల్లో!"

"మొదటిసారి ఏరిందే గదా, తక్కువే ఉంటాయి. అందరినీ పిలువు. నిలబడి తువ్వాలు చుట్టుకుంటే మొక్కలు వాటంతట అవే రావు."

అందరూ వచ్చారు. హులిగెప్ప, అతని కోడళ్లు, మిగతా నలుగురు రైతులు, కూలికి పోవలసిన ఆడవాళ్లు ఇద్దరు. సుంకలమ్మ కూడా చీర ఎగదోపి దిగింది. "మెయిలు రాకనే ఇంత పని. వచ్చుంటే చచ్చేవాళ్లం," అంటూనే వేరే రకపు మొక్కను రెండు వరుసల అవతలి నుంచి పసిగట్టి పీకింది. ఆమె కన్ను ఎవరికీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరూ అడగలేదు. గాళెప్ప తాత ఆ కాలువకు నీరుగంటి. అంటే తూములెత్తి దించి, ఊరందరి మళ్లకూ వంతుల వారీ నీళ్లు పంచేవాడు. నీరుగంటి మడి తడిసేది అందరి మళ్లూ తడిశాకే. ఉద్యోగం ఎప్పుడో పోయినా ఆ పద్ధతి ఇంట్లో మిగిలిపోయింది. హులిగెప్ప పొలం ముందు. గాళెప్ప ఎకరా ఆఖరున.

ఎండ వాలుతున్న కొద్దీ పైరంతా ఒకే రంగుకు తిరిగింది. మనుషులు నడుములోతు ఆకుపచ్చలో మెల్లగా ముందుకు పోతుంటే ఎవరో కల కంటున్నట్టు, ఆ కలలో మాటలు వినిపించనట్టు ఉంది. శరణమ్మ ఒక్కొక్క పొలం అయ్యాక గట్టు మీదికొచ్చి ఫోటో తీసి, కాగితం మీద పేరు, విస్తీర్ణం రాసుకుంది. ఫోటోలో ఒక బెరకు కంకి కనిపిస్తే మళ్లీ దిగి పీకించి మళ్లీ తీసింది.

నాలుగూ ముప్పావుకు తొమ్మిదెకరాలు అయ్యాయి. గాళెప్ప ఎకరాలో సగం కూడా కాలేదు.

రక్షితకు ఫోను చేసి సంగతి చెప్పింది.

"పది అని రాసెయ్యక్కా," అంది రక్షిత. తన ఏర్పాటు ఏం చేసిందో ఆ పిల్లకు అప్పటికే అర్థమైంది. "శుక్రవారానికి అయిపోతాది గదా. ఎవురు చూస్తారు?"

"అయిపోయినాక అయిపోయిందని రాస్తా. ఇప్పుడు కాలేదు."

"అట్లయితే మీ ఎకరా పోతాదక్కా!"

శరణమ్మ గాళెప్ప వైపు చూసింది. అతను మడిలో నిలబడి వింటున్నాడు. చేతిలో ఏరిన మొక్కలు, మోచేతుల దాకా బురద.

"ఏమి రాయాలప్పా?"

అతను హులిగెప్ప పొలం వైపు ఒకసారి, తన మడి వైపు ఒకసారి చూశాడు. "మన ఒగ ఎకరా అబద్ధమని తేలితే, మిగతా తొమ్మిదీ నమ్ముతారా?" అన్నాడు. "ఉన్నది రాయమ్మే."

తొమ్మిదెకరాలు సిద్ధం, గాళెప్ప ఎకరా ఇంకా కాలేదు అని రాసి, ఫోటోలు జోడించి, నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు పంపింది. తెర మీద చిన్న గీత ఒకటి కదిలి, కదిలి, ఆగి, మళ్లీ కదిలి పోయింది. అది ఎటు పోయిందోనని శరణమ్మ తలెత్తి చూసింది. ఆకాశంలో ఏమీ లేదు.

మరునాడు ఆ ఎకరా కూడా ఏరారు. ఏరాక ఆ సంగతీ రాసింది. పట్టీ వెళ్లిపోయిందని, ఇక చేరదని జవాబు వచ్చింది. అదే రోజు మోహన్‌కృష్ణ స్వయంగా ఫోను చేశాడు.

"ఏమమ్మా, మా రక్షిత మొత్తం చెప్పింది. తప్పు మా వైపుదే. అయితే ఇప్పుడు పన్నెండు పెట్టెలూ కొనక తప్పదంటారా?"

"మీ ఖర్చు సంగతి నేను చెప్పలేను సార్. నాలుగే ఉండాలంటే గూడా దారుండాది. ముగ్గురూ తెరిచేది వద్దు. ఒగ పెట్టె ఒగరే తెరవాల. తెరిచి, ఎవురివి వాళ్లకు వాళ్ల సొంత మెయిలుకు తోలాల."

"బాగుంది. అయితే హనుమేశ్‌ని పెడతాను. ఆఫీసు పక్కనే ఉంటాడు."

"వద్దు సార్. కొసాన ఉండేవాళ్లను పెట్టండి. మొదట్లో ఉండేవానికి కొసాన ఎండిపోయేది కనపడదు."

"మీరు తెరుస్తారా మరి?" అన్నాడు.

"తెరుస్తా. జీతం సంగతి శనివారం మాట్లాడదాం," అంది శరణమ్మ, రెండో మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో తనకే తెలియకుండా.

శుక్రవారం తనిఖీ వాళ్లు జీపులో వచ్చారు. చేతిలో పట్టీ పట్టుకుని తొమ్మిదెకరాలూ నడిచారు. గాళెప్ప ఎకరా గట్టు మీద నుంచి కూడా నడిచారు. కాని అది వాళ్ల కాగితంలో లేదు కాబట్టి లోపలికి దిగలేదు. అందులో ఒకాయన ఆగి, "ఇది కూడా శుభ్రంగానే ఉందే," అన్నాడు. పట్టీ మడిచి జీపెక్కాడు.

శనివారం తెల్లవారుజామున శరణమ్మ రోలెక్కింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే, గోడ కూడా కనిపించడం లేదు. రోలు ఒక్కటే ఎక్కడో తేలుతున్నట్టుంది. ఫోను తెరిచింది. మూడు మెయిళ్లు. సిద్దేశ్ పేరున ఒకటి, హనుమేశ్ పేరున ఒకటి, గాళెప్ప పేరున ఒకటి. నల్లని దళసరి అక్షరాల్లో, ఇంకా ఎవరూ తాకనివి.

మూడో దాని మీదికి వేలు పోయింది. వెనక్కి తీసుకుంది. ముందు సిద్దేశ్‌ది సిద్దేశ్‌కు, హనుమేశ్‌ది హనుమేశ్‌కు తోలింది. చదవలేదు. వెళ్లాయని గుర్తు పడేదాకా ఆగింది. ఆ తరవాత తమది తెరిచింది.

రైతుల పేర్లు వరసగా ఉన్నాయి. హులిగెప్ప, మూడెకరాలు, పాసు. కింద నలుగురు, పాసు, పాసు. ఆమె ఒక్కొక్క అంకె తన కాగితంతో సరిచూసింది. అంతా కలిపి తొమ్మిది. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు.

గాళెప్ప వాకిట్లో మొహం కడుక్కుంటున్నాడు. ఆమె రోలు మీది నుంచే చెప్పింది. "తొమ్మిదీ పాసైనాయి."

అతని చేతిలోని చెంబు అలాగే ఆగిపోయింది. నీళ్లు మోచేతి మీదుగా కారిపోయాయి. కాసేపటికి, అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"మనది?"

"మన పేరు లేదు."

లోపలి నుంచి సుంకలమ్మ విని బయటికొచ్చింది. "పోనీలే. ఈ యేడు మన వడ్లు మనమే తింటాం. ఊరికంతా విత్తనమిచ్చి, ఇంట్లో బువ్వ కొనుక్కునే బతుకు ఎవురికి కావాల?" అని, కొడుకు చేతిలోని చెంబు తీసుకుని తనే మొహం కడుక్కోసాగింది.

గాళెప్ప తువ్వాలుతో మొహం ఒత్తుకున్నాడు. అలా ఒత్తుకుంటూ మామూలు కంటే ఎక్కువసేపే ఉన్నాడు. తరవాత, "హులిగెప్పన్నకు నేనే పోయి చెప్తా. మెయిలు తోలేదొద్దు," అని చెప్పులేసుకుని మంచులోకి పోయాడు. నాలుగడుగుల్లో మనిషి కనిపించలేదు. అడుగుల చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.

శరణమ్మ ఆ మెయిలుకు జవాబు రాసింది. 'అందింది.' కింద గాళెప్ప అని పెట్టబోయి, ఆలోచించి, శరణమ్మ అని పెట్టింది. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని పంపింది.